పదకొండు నిమిషాలకు వివరణ

రేణిగుంట లాబీలో గుమాస్తా యతిరాజులు
కాగితం నా వైపు తోశాడు.
"తప్పు పట్టేదానికి కాదు నా,
గడి ఖాళీగా ఉండకూడదంట, అంతే."
చంద్రగిరి హోం సిగ్నల్ బయట
ఖాళీ గూడ్సు, పదకొండు నిమిషాలు, ఎందుకు?
రాయడానికి రెండు గీతలు.

రెండు గీతల్లో ముసురు పట్టదు.
కార్తీకం, మూడో రాత్రి.
పనపాకం దాటాక
వైపర్ తుడిచిన అర్ధచంద్రంలో తప్ప
లోకం ఎక్కడా లేదు.
నిమిషానికోసారి ఇంజను అడుగుతుంది
మెలకువగా ఉన్నావా అని.
కాలితో మీట నొక్కి, ఉన్నానంటాను.
ఇరవై ఆరేళ్లుగా అదే ప్రశ్న.
ఇంట్లో కంచం ముందు కూర్చున్నా
పాదం దానంతటదే నేలను నొక్కుతుంది.

పక్క సీట్లో అసిస్టెంట్ షబీనా, పీలేరు పిల్ల.
సిగ్నల్ కనబడగానే చెయ్యి చాచి
రంగు గట్టిగా చెప్పాలి,
నేను తిరిగి చెప్పాలి.
ఇద్దరి నోటా పలికితే గాని
ఆకుపచ్చ ఆకుపచ్చ కాదు.

వంపు తిరిగి చిన్న మోరీ మీదికొచ్చామో లేదో
పెద్దదేం కాదు,
నిద్రలో మెట్టు తప్పినంత.
ఇంజను ఎడమకు ఒక్క పిసరు కుంగి
మళ్లీ లేచింది.
టిఫిన్ డబ్బా మూత జారిపడి
గుండ్రంగా తిరిగి, తిరిగి, ఆగింది.
ఆ చప్పుడు తప్ప సాక్ష్యం లేదు.

పని నేర్పిన దొరస్వామి సారు అనేవాడు:
"కంటికి కనబడేది సగం పట్టానేరా అబ్బయ్యా,
మిగతా సగం ముడ్డికి తెలుస్తాది."
పడీ పడీ నవ్వేవాళ్లం అప్పట్లో.

"సార్, ఏదో..." అంది షబీనా.
"కిలోమీటరు రాసుకో" అన్నాను.
బ్రేకు మీద చెయ్యి ఉంది, వేయలేదు.
వెనక నలభై రెండు వ్యాగన్లు
ఇంకా ఆ చోటు మీదే నడుస్తున్నాయి.
నిద్రపోయిన బిడ్డ తల కింది నుంచి
చెయ్యి లాక్కున్నట్టు
బండిని లాక్కొచ్చాను.
వాకీటాకీలో గార్డు కులశేఖరం,
"నాకూ తగిలిందయ్యా" అన్నాడు, ఆలస్యంగా.

ఎదురుగా హోం సిగ్నల్. ఆకుపచ్చ.
షబీనా చెప్పింది. నేను తిరిగి చెప్పాను.
ఆగాను.

"పచ్చ ఇచ్చినాను కదా, లోపలికి రా!"
స్టేషన్ మాస్టరు గొంతులో నిద్రమత్తు, విసుగు.
"రాను సార్. నేనొస్తే
నా వెనక దారి ఖాళీ అయినట్టు లెక్క.
పనపాకంలో ఎక్స్‌ప్రెస్ కాచుకోనుంది."
ఏం చూశావన్నాడు.
ఏమీ చూడలేదన్నాను.

ఇక ఆ నిమిషాల సంగతి.
అవి ఆయనతో వాదించడానికి పట్టినవి కావు,
ఆయన రెండో నిమిషానికే ఫోనెత్తాడు.
తర్వాతంతా నాతో నేనే.
ఏ అరిగిన ఎముకో కలగన్నదేమో,
మూతను షబీనా మోచెయ్యే తోసిందేమో.
వెయ్యిమంది నిద్రను
ఒక నడుం నొప్పి మాట మీద ఆపేశానేమో.

గంట తర్వాత
కీమాన్ చెంగల్రాయుడు టార్చి పట్టుకుని
అక్కడి నుంచే ఫోన్ చేశాడు.
"స్లీపర్ల కింద కంకర లేదు సామీ,
నీళ్లు పోతా ఉండాయి.
నా చెయ్యి భుజం దాకా దూరతా ఉండాది.
పట్టా ఉత్త దండెం మాదిరి ఏలాడతా ఉండాది."
షబీనా మూత తుడిచి డబ్బాకు పెట్టింది.
మేమిద్దరం ఏం మాట్లాడుకోలేదు.

తెల్లారి, లూప్ లైన్లో నిలబడి చూశాను:
మనిషి నడకతో ఎక్స్‌ప్రెస్ నన్ను దాటిపోతోంది.
తలుపు దగ్గర పళ్లు తోముకుంటున్నాయన
రైల్వేవాళ్లను పేరుపేరునా తిడుతున్నాడు.
ఒక కిటికీ చువ్వలకు చెంప ఆనించి
మూడేళ్ల పిల్ల నిద్రపోతోంది,
నూనె పెట్టి బిగించిన రెండు జడలతో,
కొండమీద ఇవ్వాల్సిన జుట్టు.

మొదటి గీత మీద రాశాను:
కుదుపు తగిలింది. ఆగాను.
"రెండో గీత నా?" అన్నాడు యతిరాజులు.
ఏం రాయాలో తోచక కూర్చున్నాను.
బల్ల కింద నా పాదం
నేలను నొక్కుతోంది.